గాలి దారిలో మా గూడు

డల్లాస్, ఫోర్ట్‌వర్త్ నగరాల నుండి వాయవ్య దిశగా అమరిల్లో పట్టణానికి సాగే 287వ నంబరు రహదారి ప్రయాణం సుమారు 360 మైళ్ళు, అంటే 580 కిలోమీటర్లు. డెకేటర్, బోవీ, విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చిల్డ్రెస్, మెంఫిస్, క్లారెండన్ అంటూ ఊళ్ళు ఒకదాని వెంట ఒకటి వచ్చి వెనక్కి పోతుంటాయి. ఊరికీ ఊరికీ నడుమ నేల చదునుగా, ఆకాశం మితిమీరినంత పెద్దదిగా కనిపిస్తుంది. నవంబరు నెలలో ఈ దారి గుంటూరు ప్రాంతంలో పెరిగినవారికి కొత్తగా అనిపించదు. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు, అంచు గడ్డికి చిక్కుకొని గాలికి ఊగే తెల్లని దూది పింజలు. చేల గట్ల మీద పసుపుపచ్చ, గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద గుండ్రని పత్తి మోపులు వరుసలుగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి రెండు టన్నులకు పైగా తూగుతుంది.

ఆ మోపులను చూసి మా నాన్నగారు ట్రక్కు ఆపమన్నారు. వారు ముప్పై ఏళ్ళు గుంటూరు నుండి పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు వేసుకొని దేశమంతా లారీ నడిపినవారు. మమ్మల్ని, పిల్లలను చూసి పోదామని ఆరు నెలల వీసా మీద వచ్చారు. మోపు చుట్టూ ఒకసారి తిరిగి, ప్లాస్టిక్‌ను అరచేతితో తట్టి, "దీనికి తాడే అక్కర్లేదు. దీని బరువే దీన్ని పట్టుకుంటుంది" అన్నారు. తరువాత మా ట్రక్కు వైపు ఒకసారి చూసి మరేమీ అనలేదు. ఆ చూపులోని అర్థం మాకు రెండు గంటల తరువాత గాని తెలిసిరాలేదు.

మా ట్రక్కు పాత ఫోర్డ్ ఎఫ్-150. వెనుక ఆరున్నర అడుగుల తొట్టి, ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్. ఈ దేశంలో పికప్ ట్రక్కులున్నవారిలో చాలామంది ఆ తొట్టి మీద ఒక పైకప్పు బిగించుకొని, అందులో పరుపులు పరచి, అడవుల్లోనూ కొండల్లోనూ రాత్రిళ్ళు గడుపుతారు. దానిని క్యాంపర్ షెల్ అంటారు. కర్మాగారంలో తయారైన ఫైబర్‌గ్లాస్ షెల్ దాదాపు 70 నుండి 90 కిలోల బరువుంటుంది, వేల డాలర్ల ఖర్చు. మేము దానిని కొనలేదు. ఇళ్ళ గోడలలో వేడి, చలి ఆపడానికి వాడే రెండంగుళాల గట్టి ఫోం పలకలను కొలతకు కోసి జిగురుతో అతికించాము. వాటి మీద జిగురులో తడిపిన కాన్వాసు గుడ్డ పరచి, ఆరిన తరువాత ఇళ్ళ బయటి గోడలకు వేసే రంగు రెండు మూడు పూతలు వేశాము. అడుగున నాలుగు వైపులా సన్నని ప్లైవుడ్ పట్టీ. ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు, ఇక్కడ ఎందరో అనుసరిస్తున్నదే. అంతా కలిపి 40 కిలోలు. మా శ్రీమతి ఒక వైపు, మేము ఒక వైపు పట్టుకుంటే అవలీలగా లేస్తుంది. పిల్లలు దానికి 'గూడు' అని పేరు పెట్టారు.

దాని తేలికదనమే మా గర్వం. వచ్చినవారందరికీ ఒక చేత్తో అంచు ఎత్తి చూపించేవాళ్ళము.

థాంక్స్‌గివింగ్ సెలవులకు అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో లోయకు వెళ్ళాలని నిశ్చయమైంది. బుధవారం ఫజ్ర్ నమాజ్ ముగించుకొని బయలుదేరాము. గూడును తొట్టి మీద ఎలా కట్టాలన్న విషయంలో ముందురోజు రాత్రి కొంత చర్చ జరిగింది. నాన్నగారు లారీ పద్ధతి చెప్పారు: పైనుండి అడ్డంగా రెండు చోట్ల కట్టి బిగించాలి, ఇరవై మైళ్ళు పోయాక ఆగి ఒకసారి చూసుకోవాలి. మేము రెండు రాచెట్ పట్టీలు తెచ్చి గూడు మీదుగా వేసి, తొట్టిలోని ఇనుప కొక్కేలకు తగిలించి బిగించాము. తొట్టి అంచుకు రెండు చిన్న క్లాంపులు కూడా పెట్టాము. మా శ్రీమతి లాంతరు పట్టుకొని నిలబడి, "ఏమండీ, ఇంత దూరం పోవాలి, ఇది చాలునంటారా?" అని అడిగారు. "ఇన్షాఅల్లాహ్, ఏమీ కాదు" అన్నాము.

ఆ మాట అన్నప్పుడు మా మనసులో ఉన్నది అల్లాహ్ మీద భరోసా కాదని ఇప్పుడు ఒప్పుకోవలసి వస్తున్నది. చలిగా ఉంది, నిద్ర వస్తోంది, మళ్ళీ దుకాణానికి వెళ్ళే ఓపిక లేదు. ఆ బద్ధకానికి ఒక పవిత్రమైన మాటను కప్పుగా వేశాము. ఉదయం వాహనాన్ని మానవునికి లోబరచిన ప్రభువును స్తుతించే ప్రయాణ దుఆ పిల్లలతో సహా అందరమూ చదువుకున్నాము. ఇరవై మైళ్ళ దగ్గర ఆగమని నాన్నగారు గుర్తు చేశారు. "ఇది లారీ కాదు కదా" అని నవ్వి ముందుకు పోయాము. పత్తి మోపు కోసం ఆగినప్పుడు కూడా పట్టీల వైపు చూడలేదు. పైనుండి కట్టమన్నది నాన్నగారి మాటే, దారిలో ఆగి చూసుకోమన్నదీ నాన్నగారి మాటే. మొదటిది విన్నాము, రెండవది వదిలాము. వదలకూడనిది రెండవదేనని తరువాత తేలింది.

క్వానా దాటిన తరువాత ఉత్తరపు గాలి మొదలైంది. ఈ ప్రాంతంలో చలికాలంలో ఉత్తరం నుండి చలిగాలి ఒక్కసారిగా దిగుతుంది, గంటలో వాతావరణం మారిపోతుంది. దారి వాయవ్యంగా పోతుంది గనుక ఆ గాలి దాదాపు మాకు ఎదురుగాలి. ఇల్లు విడిచినప్పటి నుండి పట్టీలు గాలికి కంపిస్తూ తుమ్మెదలా ఒకటే రొద చేస్తున్నాయి. ఒక దశలో ఆ రొద ఆగిపోయింది. హమ్మయ్య, ప్రశాంతంగా ఉందనుకున్నామే గాని, బిగువుగా ఉన్న పట్టీయే మోగుతుందని, మోత ఆగడమంటే పట్టీ వదులైందని మాకు తోచలేదు.

చిల్డ్రెస్ ఇంకా పది మైళ్ళుందనగా వెనుక వస్తున్న ఒక కారు లైట్లు ఆర్పి వెలిగించడం మొదలుపెట్టింది. దారి ఇద్దామని కుడి వరుసలోకి జరిగాము. ఆ కారు ముందుకు పోకుండా పక్కకు వచ్చి, అందులోని మనిషి చేతిని కిందనుండి పైకి ఊపుతూ ఏదో చెబుతున్నాడు. రోడ్డు పక్కకు తీసి ఆపాము. దిగి చూస్తే గూడు ముందు అంచు తొట్టి నుండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంది. రెండు క్లాంపులలో ఒకటి లేదు, ఎక్కడో దారిలో పడిపోయింది. ఒక పట్టీ ఫోం అంచులోకి రెండు వేళ్ళ లోతు కోసుకొని దిగబడి వదులుగా వేలాడుతోంది.

ఆ మనిషి కూడా కారు ఆపి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాము. "రెండు మైళ్ళ నుండి చూస్తున్నాను. లేస్తోంది, పడుతోంది. నా వెనుక సీటులో పిల్లలున్నారు" అని మాత్రం అన్నాడు. అద్దంలోనుండి ఇద్దరు పసివాళ్ళు మా వైపు చూస్తున్నారు. చిన్నవాడికి రెండేళ్ళుండవచ్చు. అతడు మాతో చేయి కలిపి, జాగ్రత్త చెప్పి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు, అడగాలన్న స్పృహ లేదు.

మా శ్రీమతి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "దుఆ చదివి మన పిల్లల క్షేమం కోరుకున్నాము. వాళ్ళ పిల్లల సంగతి మనకు తోచనే లేదు" అన్నారు.

ఒంటెను కట్టి అల్లాహ్ మీద భారం వేయాలా, విడిచిపెట్టి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) సమాధానమిచ్చిన సంగతి ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. తిర్మిజీ గ్రంథంలోని ఆ హదీసును మేము కూడా ఎన్నోసార్లు ఇతరులకు వినిపించాము. కాని దానిని ఎప్పుడూ మన ఒంటె తప్పిపోకుండా చూసుకోవడం గురించి చెప్పిన మాటగానే అర్థం చేసుకున్నాము. విప్పిన ఒంటె వేరొకరి పసివాడిని తొక్కవచ్చునన్న ఆలోచన ఆ రోడ్డు పక్కన నిలబడినప్పుడు కలిగింది. దారిలోనుండి హాని కలిగించే వస్తువును తీసివేయడం విశ్వాసపు శాఖలలో ఒకటని నేర్పిన ధర్మం మనది. మేము ఆ రోజు దారి మీదికి హానిని మోసుకొని వచ్చాము.

తేలికైనది కనుక ప్రమాదం తక్కువ అనుకోవడం మా అసలు పొరపాటు. లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది. గంటకు 70 మైళ్ళ వేగంతో పోతున్న వాహనం మీద గాలి ఒత్తిడి చదరపు అడుగుకు 12 పౌన్లు, అంటే అయిదున్నర కిలోలు దాటుతుంది. మా గూడు కప్పు సుమారు 36 చదరపు అడుగులు. ఆ ఒత్తిడిలో నాలుగో వంతు మాత్రమే కప్పును పైకి లాగిందనుకున్నా అది 50 కిలోలు. గూడు బరువు 40. అంటే కట్టు లేకపోతే అది తన బరువుతో తాను కూర్చోజాలదు. పైగా గాలి బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 మైళ్ళ ఎదురుగాలి తోడైతే 70 మైళ్ళ వేగం గాలికి 90 అవుతుంది, ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ముందు అంచు ఒక్క అంగుళం లేచిందంటే గాలి కిందికి దూరుతుంది, ఇక లోపలి నుండి కూడా తోస్తుంది. నాన్నగారు ఈ లెక్కలేవీ వేయకుండానే ఒక్క మాటలో చెప్పారు: "బేటా, ఇనుము లోడుకు కింద చూసుకోవాలి, దూది లోడుకు పైన చూసుకోవాలి."

చిల్డ్రెస్ వరకు గంటకు 30 మైళ్ళకు మించకుండా, హెచ్చరిక దీపాలు వెలిగించుకొని, వీలైన చోటల్లా పక్కదారి పట్టి నెమ్మదిగా పోయాము. ఆ వేగంలో గాలి బలం 70 మైళ్ళ వేగంలో ఉండేదానిలో అయిదో వంతు కూడా ఉండదు. ఊరిలో ఒక ఇనుప సామాను దుకాణం తెరిచి ఉంది. దాని ముందరి ఖాళీ స్థలంలో మూడు గంటలు గడిపాము. సామాన్యంగా యాత్రా వ్యాసాలలో ఇలాంటి చోట్ల వర్ణన ఉండదు. మా ప్రయాణంలో మాత్రం మేము అన్నింటికంటే బాగా చూసిన స్థలం అదే.

ముందుగా పట్టీలు విప్పేశాము. ఫోం వంటి మెత్తని వస్తువును పైనుండి ఎంత బిగిస్తే అంతగా నలిగి లోపలికి పోతుంది, నలిగిన కొద్దీ కట్టు వదులవుతుంది. బోరాల మీద తాడు వేసి బిగిస్తే దూది అణిగి, తిరిగి పైకి తన్ని తాడును బిగువుగా ఉంచుతుంది. ఫోం అలా తిరిగి రాదు. నాన్నగారు కోసుకుపోయిన అంచును వేలితో తడిమి, "ఇది నా తప్పు. దీనిని కిందనుండి పట్టుకోవాలి" అన్నారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, తన విద్యలో పేరున్న మనిషి, మనవళ్ళ ఎదుట ఆ మాట అంత సులువుగా అనడం మాకు కొంత సిగ్గు కలిగించింది. ఆగి చూడనిది మేము. తప్పు ఒప్పుకున్నది వారు.

దుకాణంలో ఆరడుగుల చెక్కలు రెండు కోయించాము. వాటిని గూడు లోపల, కుడి ఎడమల, అడుగు అంచు పొడవునా ఆనించి, బయటి ప్లైవుడ్ పట్టీతో కలిపి బోల్టులు బిగించాము. ప్రతి బోల్టుకు రెండు వైపులా వెడల్పాటి వాషర్లు. సన్నని వాషరైతే బలమంతా ఒక్క చుక్క మీద పడి చెక్కను చీలుస్తుంది. ఇప్పుడు పట్టుకోవడానికి గట్టి వస్తువు దొరికింది. ఆ చెక్కను, తొట్టి గోడ పై అంచు కింది మడతను కలిపి పట్టేలా ఒక్కో వైపు మూడు చొప్పున ఆరు అల్యూమినియం క్లాంపులు పెట్టాము. ఇక్కడ ఇంకొక సంగతి బయటపడింది. తొట్టి అంచుకు గీతలు పడకుండా కంపెనీవారు వేసిన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మా పాత క్లాంపులు దాని మీదే బిగించాము. ప్లాస్టిక్ ఎండకూ ఒత్తిడికీ నలిగి పలచబడుతుంది, పలచబడ్డంత మేర క్లాంపు వదులవుతుంది. ఆ తొడుగు ఊడదీసి, ఇనుము మీద ఇనుము ఆనేలా చూసి, గూడుకూ అంచుకూ నడుమ మెత్తని రబ్బరు పట్టీ అతికించాము. అది నీటిని, దుమ్మును ఆపుతుంది, రెండూ ఒరుసుకోకుండా చేస్తుంది.

తరువాత నాలుగు మూలలా టర్న్‌బకిల్స్. రెండు కొసలా కొక్కేలు, నడుమ తిప్పితే బిగుసుకునే మర ఉన్న పరికరమది. మన ఊళ్ళలో కరెంటు స్తంభాన్ని నిలబెట్టే స్టే తీగ అడుగున ఉండేది ఇలాంటిదే. వాటిని నిటారుగా కిందికి లాగితే చాలదు. ముందు మూలలవి కొంచెం ముందుకు, వెనుక మూలలవి కొంచెం వెనుకకు వాలేలా తొట్టిలోని కొక్కేలకు తగిలించాలి. అప్పుడు గూడు పైకి లేవలేదు, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారలేదు, గాలికి వెనక్కి జరగలేదు. టర్న్‌బకిల్‌కు ఒక దుర్గుణం ఉంది. రోడ్డు అదురుకు తనంతట తానే విప్పుకుంటుంది. కనుక దాని నడుమ రంధ్రంలోనుండి తీగ దూర్చి కొక్కేనికి మెలివేసి కట్టాము. మా ట్రక్కు తొట్టి గోడల మీద నలుచదరపు గుంటలున్నాయి. పూర్వం గోడలు ఎత్తు చేసుకోవడానికి కర్రలు గుచ్చేవారట, మన ఎడ్లబండికి పక్క కర్రలు గుచ్చినట్లే. వాటిలో బిగించే కొక్కేలు కూడా దొరుకుతాయి గాని ఆ దుకాణంలో లేవు.

బిగించడంలో మాకు ఆవేశం ఎక్కువైంది. నాన్నగారు చేయి పట్టుకొని ఆపారు. చేత్తో తిరిగినంత తిప్పి, పానాతో ఇంకొక అర చుట్టు చాలునన్నారు. భయపడ్డ మనిషి బిగించే నట్టు చెక్కను చీలుస్తుంది, ఫైబర్‌గ్లాస్ అయితే పగులగొడుతుంది. చివరికి మా అమ్మాయి తన గోళ్ళ రంగు సీసా తెచ్చి, ప్రతి నట్టు మీదుగా బోల్టు వరకు ఒక ఎర్రని గీత గీసింది. నట్టు ఏ మాత్రం కదిలినా గీత తెగి పక్కకు జరుగుతుంది, ఒక్క చూపులో తెలిసిపోతుంది. యంత్రాల పనివారు చేసే ఈ ఉపాయం తనకు బడిలో తెలిసిందట.

జుహ్ర్ నమాజ్ అక్కడే, గూడు నీడన, ప్రయాణికులకు అనుమతించినట్లు రెండు రకాతులుగా చేసుకున్నాము. ఇక్కడ ఖిబ్లా ఈశాన్య దిశ. గుంటూరులో జీవితమంతా పడమటి వైపు తిరిగిన నాన్నగారికి ఈ దిశ ఇంకా అలవాటు కాలేదు. ప్రతిసారీ మనవడు భుజం పట్టి తిప్పుతాడు.

ఇరవై మైళ్ళ దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆగాము. రెండు నట్లు కొద్దిగా వదిలాయి. చెక్క, రబ్బరు సర్దుకుంటాయి గనుక మొదటి దూరంలో వదలడం సహజమేనట. మళ్ళీ బిగించాము. మెంఫిస్ దగ్గర ఆగాము, క్లారెండన్ దగ్గర ఆగాము. ఏ గీతా కదలలేదు. సాయంకాలానికి లోయ చేరుకున్నాము.

పాలో డ్యూరో అంటే స్పానిష్ భాషలో గట్టి చెక్క అని అర్థం. ఇక్కడి జునిపెర్ చెట్ల వల్ల ఆ పేరు వచ్చింది. చదునైన మైదానంలో పోతూ పోతూ ఉండగా హఠాత్తుగా నేల తెగిపోయి, ఎర్రమట్టి గోడలు 800 అడుగుల లోతు వరకు దిగిపోతాయి. పొడవు దాదాపు 120 మైళ్ళు. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ తరువాత ఇదే పెద్దదని చెబుతారు. ఎర్రని గోడలలో తెల్లని జిప్సం చారలు, పైన పసుపు, ఊదా పొరలు. ఇంతటి లోయను కోసినది ఎర్ర నదికి చెందిన ఒక చిన్న పాయ. మేము చూసిన రోజు అందులో చీలమండల లోతు నీళ్ళున్నాయి.

1874 సెప్టెంబరు 28న ఈ లోయలో కోమాంచీ, కయోవా, షయాన్ తెగల శిబిరాల మీద కర్నల్ మెకంజీ సైన్యం దాడి చేసింది. ప్రాణనష్టం ఎక్కువగా జరగలేదు. కాని చలికాలానికి దాచుకున్న ఆహారం, గుడారాలు తగులబెట్టారు, పట్టుకున్న గుర్రాలలో వెయ్యికి పైగా కాల్చి చంపారు. వాహనం, పైకప్పు, తిండి పోగొట్టుకున్న ఆ జనం చలిలో ఇక ఎంతోకాలం నిలువలేక లొంగిపోవలసి వచ్చింది. సెలవు గడపడానికి గూడు మోసుకొచ్చిన మేము ఆ సమాచార ఫలకం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాము.

రాత్రి ఏర్పాటు ఇదీ: నాన్నగారు, మా అబ్బాయి గూడులో, మేము, మా శ్రీమతి, అమ్మాయి పక్కనే గుడారంలో. గూడు లోపల పొయ్యి గాని, గ్యాసు హీటరు గాని వెలిగించకూడదు. మూసిన చిన్న గదిలో విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎంత చలి ఉన్నా ఒక కిటికీ రెండు వేళ్ళంత తెరిచే ఉంచాలి. అర్ధరాత్రి దాటాక ఉత్తరపు గాలి లోయలోకి దిగింది. రెండు గంటల వేళ గుడారం మేకులు ఊడిపోయాయి. గుడ్డను మూటకట్టి ట్రక్కు క్యాబిన్‌లో పడేసి, మేము ముగ్గురమూ గూడులోకి చేరాము. అయిదుగురం మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాము. గాలి కొట్టినప్పుడల్లా ట్రక్కు స్ప్రింగుల మీద ఊగేది. గూడు మాత్రం ట్రక్కుతో పాటే ఊగింది, దాని నుండి విడివడి ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు.

పిల్లలకు నిద్ర రాలేదు. నాన్నగారు హిజ్రత్ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెట్టారు. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర) బయలుదేరేటప్పుడు ఆహారపు సంచీకి, నీటి తిత్తికి మూతి కట్టడానికి తాడు దొరకలేదు. అబూబక్ర్ (ర) కుమార్తె హజ్రత్ అస్మా (ర) తన నడుముకు కట్టుకున్న పట్టీని నిలువునా రెండుగా చించి, ఒకదానితో సంచీ, ఇంకొకదానితో తిత్తి కట్టారు. అందుకే ఆమెకు రెండు నడుముపట్టీల మహిళ అన్న బిరుదు నిలిచిపోయింది. మా అమ్మాయి ఇంతకుముందు ఈ గాథ విన్నదే. "అయితే దాదా, ఆమె కట్టిన ముడి దారిలో ఊడలేదా?" అని కొత్తగా అడిగింది. నాన్నగారు కొంచెం ఆలోచించి, "ఊడే ముడి వేసి ఉంటే ఆ ముడితో ఆమెకు పేరు వచ్చేదా బేటీ" అన్నారు.

గురువారమంతా లోయలో తిరిగాము. లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా నడిచి రావడానికి దాదాపు ఆరు మైళ్ళు. నాన్నగారు సగం దారిలో ఒక జునిపెర్ నీడన కూర్చుండిపోయారు. శుక్రవారం జుముఆ కోసం అమరిల్లో వెళ్ళాము. ఈ ప్రాంతంలోని మాంసపు కర్మాగారాలలో పని చేయడానికి సోమాలియా నుండి, మయన్మార్ నుండి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నమాజ్ తరువాత మసీదు ఆవరణలో మా గూడు చుట్టూ చిన్న గుంపు చేరింది. పెద్ద లారీలు నడిపే ఒక సోమాలీ సోదరుడు లోపలికి తల పెట్టి టర్న్‌బకిల్ తీగలను లాగి చూశాడు. ఈ దేశపు చట్టం ప్రకారం లారీ డ్రైవరు మొదటి 50 మైళ్ళలోపే ఆగి లోడు కట్లు సరిచూసుకోవాలని, ఆ తరువాత మూడు గంటలకో, 150 మైళ్ళకో మళ్ళీ చూడాలని చెప్పాడు. మేము ఆ మాటను నాన్నగారికి అనువదించి వినిపించాము. "యాభై ఎక్కువ" అన్నారు వారు. సోమాలీ సోదరుడు నవ్వి వారిని కౌగిలించుకున్నాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష సలాము ఒక్కటే. అయినా అరగంటసేపు చేతులతో ముడులు వేసి చూపించుకుంటూ నిలబడ్డారు.

శనివారం తిరుగు ప్రయాణం. గాలి ఈసారి వెనుక నుండి వీస్తోంది. చిల్డ్రెస్ దాటాక, బుధవారం మేము ఆగిన చోటు రోడ్డుకు అవతలి వైపున కనిపించింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాన్నగారు మాత్రం పోయిన క్లాంపు ఎక్కడైనా కనబడుతుందేమోనని కిటికీలోనుండి చూస్తూనే ఉన్నారు. ఎవరి చక్రానికి తగిలిందో, తగలకుండా గడ్డిలో పడి ఉందో అల్లాహ్‌కే తెలియాలి.

వెర్నన్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆపాము. అడగకుండానే అమ్మాయి దిగి తొట్టి తలుపు తెరిచి లోపలికి పాకింది. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. "ఒకటి సరిగా ఉంది, రెండు సరిగా ఉంది" అంటూ లెక్క వినిపిస్తోంది. అయిదు దాకా వచ్చి ఆగింది. "అబ్బా, ఆరోది కొంచెం జరిగింది. పానా ఇవ్వండి."